సున్నాకి వెంట్రుకంత కింద

సుంకి ఘాట్‌లో బండి ఆయాసపడుతోందంటే
ముందు నేను ఒప్పుకోలేదు.
లోడెక్కువన్నాను. డీజిలు కల్తీ అన్నాను.
సాలూరులో ఎక్కిన పెళ్ళివాళ్ళ సామాన్లో
ఇత్తడి గుండిగ ఉందన్నాను.
రెండో గేరు మూలుగు విని
వెనకసీటు ముసలాయన
"దిగి తొయ్యమంటావేటి బాబూ?" అన్నాక
నోరు మూసుకున్నాను.

కోరాపుట్‌లో ముగ్గురు మేస్త్రీలు.
ఒకడు టర్బో పోయింది, నలభై వేలన్నాడు.
ఒకడు ఇంజను విప్పితేగాని చెప్పలేనన్నాడు.
సుకుదేవ్ పాంగి మాత్రం
ఆర్పిన బీడీ చెవిమీద పెట్టుకుని
బానెట్‌లోకి ఇంకో చెవి ఒగ్గి
చాలాసేపు విని,
"కొలవకుండా కొయ్యకూడదు భాయీ.
బూస్టు మీటరు తెప్పించు" అన్నాడు.

రెండు వేల ఆరొందలు.
పొయ్యి ముందునుంచి లేవకుండానే పుణ్యవతి అంది:
"కరెంటుకి మీటరుంది,
నీళ్ళకి పెడతారంట,
గాలిక్కూడానా?"
నా దగ్గర జవాబు లేదు.
పీల్చింది వదిలేసేదే కదా, దానికి లెక్కేటి?
అయినా డబ్బు కట్టీసినాను.
తొమ్మిదో రోజు వానలో జయపురం నుంచి వచ్చింది
అట్టపెట్టెలో, బుడగల కవర్లో,
పసిపిల్ల పిడికిలంత నల్లటి గుండ్రం.

ఆదివారం పొద్దున్నే బ్యాటరీ వైరు పీకాం.
సన్న రబ్బరు గొట్టాన్ని బ్లేడుతో కోస్తుంటే
నా వేలు తెగినట్టు కళ్ళు మూసుకున్నాను.
కోసినచోట మూడు మూతుల ముక్క దూర్చాడు సుకుదేవ్,
పిల్లగొట్టం ఒకటి పక్కకి మళ్ళించి.
తర్వాత వైరు లోపలికి రావాలి.
ఇంజనుకీ మనుషులకీ మధ్య ఇనపగోడ,
గోడలో ఒక రబ్బరు బిళ్ళ,
బిళ్ళలో సైకిలు చువ్వంత సందు.
వాడు అటు, నేను ఇటు,
స్టీరింగు కింద తలకిందులుగా.
"హెలా?"
"అవలేదు."
"ఎబే?"
"సబ్బు రాయి. ఇంకాస్త. ఆ, వచ్చె, వచ్చె!"
గ్రీజు పూసుకున్న వైరు మూతి
నా ముక్కుకి తగిలింది.

ఎర్రది తాళానికి, నల్లది బాడీకి, నారింజది లైట్లకి.
ముల్లు ఒక్కసారి ఆ చివరిదాకా పరిగెత్తి
వెనక్కొచ్చి నిలబడింది,
సున్నాకి వెంట్రుకంత కింద.
"కొత్తదే వంకరదిచ్చాడు!" నా గుండె జారింది.
సుకుదేవ్ బీడీ వెలిగించాడు.
"వంకర కాదు. దానికి తెలిసిన సున్నా
మీ కిందదేశం సున్నా.
ఇక్కడ కొండమీద గాలి పలచన."

ఘాట్‌కి పుణ్యవతి నా పక్కన కూర్చుంది.
"నువ్వు రోడ్డు చూడు, ముల్లు నే చూస్తా."
దిగి, మళ్ళీ ఎక్కుతూ
ప్రతి మలుపులో అరిచింది
కూరల సంతలో తూకం అరిచినట్టు:
"పావు... పావు దాటింది... అర...
అరకాడే నిలబడిపోనాది.
ఈలేస్తోంది, ఇనబడ్డం లేదా నీకు?"
నిజంగానే నాకు వినబడలేదు.
పదకొండేళ్ళుగా ఆ చప్పుడు మీదే కూర్చున్నాను.

టర్బో చస్తే ముల్లు కదలదు,
కదిలి ఆగిందంటే ఎక్కడో కారుతోందన్నాడు సుకుదేవ్.
కిందకి దూరి చెయ్యి తడిమాడు.
పెద్ద రబ్బరు గొట్టానికి అడుగున
గోరంత చీలిక, చుట్టూ నూనె చెమట.
కొత్త గొట్టం, రెండు క్లాంపులు: మూడొందల నలభై.
నలభై వేలన్నవాడి షెడ్డు ముందు
హారను కొట్టి వెళ్ళాను. తప్పే.

ఇప్పుడు ఒకటి దాటి ఎక్కుతుంది.
లారీని దాటినప్పుడల్లా పుణ్యవతి
లెక్క నాకు కాదు, లారీకి చెబుతుంది.

దిగేటప్పుడు, సుంకి దాటాక,
బోర్డుల మీద అక్షరాలు గొడుగులు మడిచి
తలకట్లు పెట్టుకుంటాయి.
సాలూరు టీకొట్టు దగ్గర తాళం తిప్పి చూస్తే
ముల్లు సరిగ్గా సున్నా మీద,
పరీక్షకొచ్చిన పిల్లాడిలా నిటారుగా.
రాత్రి కోరాపుట్‌లో ఇంటిముందు ఆపితే
మళ్ళీ ఆ వెంట్రుకంత కిందకి.

దాన్ని సరిచేసే బొత్తాం ఉందట,
కాగితంలో రాసుంది.
నొక్కుతానని వేలు చాపాడు సుకుదేవ్.
వద్దన్నాను.